మా దుర్గ వద్దన్న రివాల్వర్

ఫ్రెండ్స్ అందరికీ నమస్తే. నేను డిగ్నాబాద్ జోగులుని, బోటు ఇంజన్ల మేస్త్రీని. ఫోన్లో ఒక్క వేలితో కొడతన్నాను, తప్పులుంటే ఏటీ అనుకోకండి.

మా చెల్లి కూతురు దుర్గకి కేష్ వేన్ గార్డు ఉద్యోగం వచ్చింది. సొంత లైసెన్సు, సొంత ఆయుధం ఉండాల, సోమవారం జాయినవ్వాల అన్నారు. లైసెన్సు ఉంది, రివాల్వర్ లేదు. డెలానీపూర్‌లో దేవప్రసాద్ గారని రిటైరయిన పెద్దాయన తన పాతది అమ్ముతానన్నారు. కాగితాలు, పర్మిషను అన్నీ అయ్యాయి. శనివారం పొద్దున్న నన్ను తోడు తీసుకెళ్ళింది.

ఆయన బల్ల మీద పెట్టారు. అద్దంలాగ మెరిసిపోతంది! దుర్గ ముందు గుండ్లు పెట్టే చక్రం తెరిచి, ఆరు గదులూ ఖాళీయేనని వేలు పెట్టి చూసింది. తర్వాత నేను తీసుకుని, గుండుని కొట్టే హేమర్ వెనక్కి లాగి, చక్రాన్ని కదిపి చూశాను.

"రాయిలాగుందమ్మీ. పిసరు ఊగట్లేదు. ముప్పై ఏళ్ళు ఇంజన్ షాఫ్టులు పట్టుకున్న చెయ్యిది. తీసేసుకో."

దుర్గ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏటే, చేపల పులుసా వాసన చూడ్డానికి?" అన్నాను.

"కొబ్బరి నూనె మావా."

దేవప్రసాద్ గారు నవ్వారు. "ప్రతి ఆదివారం చర్చి నుంచొచ్చి నేనే రాస్తానమ్మా. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా."

మన దీవుల్లో కత్తికీ, తాళానికీ అందరం రాసేది అదే కదా. ఏళ్ళ తరబడి రాస్తే ఆరి బంకయిపోద్ది. నాకు తెలీదా? తెలుసు. మెరుపు చూసి మరిచిపోయాను.

"అంకుల్, కొంచెం కిరసనాయిలు, పాత బ్రష్షు ఇప్పిస్తారా?"

వరండాలో కూచుని అరగంట తోమింది. పచ్చటి బంక ఊడొచ్చింది. ఆరాక మళ్ళీ హేమర్ లాగి నా చేతికిచ్చింది. ఓలమ్మా! చక్రం వదులు పన్నులాగ ఊగతంది. చక్రాన్ని ఆపే లాకు అరిగిపోయింది. గుండు గది బేరల్ గొట్టానికి తిన్నగా నిలబడట్లేదు. ఇన్నాళ్ళూ బంకే పట్టి ఉంచింది. పేలిస్తే గుండు అంచుకి కొట్టుకుని ముక్కలు పక్కోడి మొహం మీదికి ఎగురుతాయి.

నేను చెవిలో గొణిగాను. "సోమవారం జాయినవ్వాల కదే. ఊరికే నడుముకి ఉంటాది, ఎవడు పేలుస్తాడు?"

"పేల్చాల్సిన రోజున నా పక్కన డ్రైవర్ ఉంటాడు మావా."

రివాల్వర్ తిరిగి దాని చేతిలో పెట్టేశాను.

దుర్గ దేవప్రసాద్ గారికి కూడా ఆ ఊగడం చూపించింది. "రోజూ దిండు పక్కనే పెట్టుకుని పడుకున్నాను తల్లీ," అన్నారు.

దుర్గ అక్కడే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది. "సర్, హథియార్ ఖరాబ్ హై. మై నహీ లూంగీ. సోమవారం అవదు." ఆయుధం పాడయింది, నేను తీసుకోనని హిందీలో తేల్చి చెప్పేసింది. అవతలాయన ఏం చూశావో చెప్పమన్నాడు. అంతా చెప్పింది. విని, "నెలాఖరు దాకా టైం తీసుకో, నీ సీటు ఎవరికీ ఇవ్వను," అన్నాడు.

ఇంటికొచ్చాక నేను తీసేసుకోమన్న సంగతి దుర్గ వాళ్ళమ్మకి చెప్పలేదు. నేనే చెప్పాను, నా మాట కాదన్నదని గర్వంగా, నలుగురి ముందర.

"నీ మాట అదెప్పుడు విందిలే అన్నయ్యా!" అంది మా చెల్లి.