సుక్కా పుంజు

తీర్పు దినాన ప్రభువు గొర్రెల్ని కుడివైపునా మేకల్ని ఎడమవైపునా నిలబెడతాడని చదివినప్పుడల్లా జయరావుకు ఏళ్లుగా ఒకటే అనుమానం: పాపం, మేక చేసిన తప్పేమిటి? తాను కుడివైపేనన్న సంగతిలో మాత్రం ఏ అనుమానమూ లేదు. కిరండూల్ రైల్వే కాలనీ క్రైస్తవ సంఘానికి పెద్ద కదా!

తొమ్మిదేళ్ల కిందట పాస్టరుగారు చెప్పాపెట్టకుండా భోజనానికి వచ్చారు. ఇంట్లో కూర లేదు. జయరావుతో పట్టాల పని చేసే సుక్కా, తన పందెం పుంజునే కోసుకోమని ఇచ్చేశాడు.

"వచ్చే సంతకి నీ పుంజుకి పుంజు ఇచ్చేస్తాన్రా" అన్నాడు జయరావు.

ఇవ్వలేదు. పిసినారితనం కాదు, భక్తి. "నానిస్తే నువ్వు పందేనికి దింపుతావు. ఆ పాపం నా మెడకి చుట్టుకోదేటి?" అనేవాడు. పోనీ కూరకోడి ఇవ్వమని భార్య ప్రమీలారాణి అంటే, పందెం పుంజుకి కూరకోడి ఇవ్వడం అన్యాయమనేవాడు.

ఈ వారం పాస్టరుగారికి జ్వరం. ఆదివారం తీర్పు గురించి జయరావే చెప్పాలి. శనివారం మధ్యాహ్నం వరండాలో నిలబడి గొంతెత్తి సాధన చేస్తుంటే సుక్కా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆకలిగొన్నోడికి పెడితే ప్రభువుకి పెట్టినట్టే!" అన్నాడు జయరావు.

"అట్లయితే నా పుంజును మీ దేవుడే తిన్నడా అన్నా?"

"అంతేరా!"

"ఏంది అన్నా! దేవుడికి నేనెప్పుడు పెట్టిన? పాస్టరుకే కదా!"

జయరావు చేతిలోని బైబిలు తెరిచి చూశాడు. పుస్తకంలో కుడివైపు వాళ్లు అడిగేదీ అదే: మేము నీకెప్పుడు పెట్టాం ప్రభూ?

లోపల్నుంచి ప్రమీలారాణి, "మరి ఎడంపక్కోళ్లేటన్నారో కూడా చదవండి!" అంది.

చదవక్కర్లేదు, వాళ్లడిగేదీ అలాంటిదే: మేము నీకెప్పుడు పెట్టలేదు ప్రభూ? రేపు ఏ ముఖంతో నిలబడాలి? చెప్పులేసుకుని సంతకు నడిచాడు. ఇన్నేళ్లూ తిట్టిపోసిన కోడిపందేల బరిలో దూరి, కాళ్లు గట్టిగా ఉన్న ఎర్ర పుంజును బేరమాడి కొన్నాడు. అది రెక్కలు కొట్టుకుంటుంటే చంకలో పెట్టుకుని బయటికొచ్చేసరికి, సంఘంలో కానుకల సంచి పట్టే భూషణం ఎదురుపడ్డాడు.

"పెద్దగారూ, మీరు కూడానా!"

"తీర్పు పనిమీదొచ్చాన్లే" అని తప్పించుకున్నాడు.

సుక్కా తన గుడిసె ముందు పుంజు కాళ్లు పట్టి చూశాడు, రొమ్ము తడిమాడు.

"మంచిగున్నది అన్నా. వచ్చే సంతకే దింపుతా."

నోటిదాకా వచ్చిన వాక్యాన్ని జయరావు మింగేసి, పుంజును అతని చేతుల్లో పెట్టాడు.