ఢిల్లీకి పోవలసిన కుర్చీ

కొత్తగూడ అడవిలోని తండా నుంచి మహబూబాబాద్ పోవడానికి ఆ రోజు దొరికిన బండి ఒక్కటే. అది రైళ్లు ఆపడానికి పోతున్న ట్రాక్టరు. సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. బస్సులు డిపోలు దాటి రావడం లేదు, ఆటోలవాళ్లూ జెండాలు కట్టుకొని చౌరస్తాల్లో కూర్చున్నారు. కల్యాణి మాత్రం రెండు గంటలకు ఢిల్లీ రైలెక్కాలి.

తమ్ముడు హరిలాల్ ఆమెను చంటిపిల్లలా ఎత్తి ట్రాలీలో కూర్చోబెట్టి, పక్కన ఆమె చక్రాల కుర్చీని తాడుతో కట్టాడు. పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడినప్పుడు కల్యాణికి రెండేళ్లు. ఇప్పుడు ముప్పై.

"రైలు రోకో మూడింటికి గదక్కా. నీ బండి రెండింటికే పోతది. నిన్ను ఎక్కిచ్చినంకనే నేను పట్టాల మీద కూసుంట" అన్నాడు.

కల్యాణి నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

ఢిల్లీలో ఆరు దేశాల అధికారులు కూర్చొని, నడవలేని వాళ్లకు ఇచ్చే కుర్చీ ఎలా ఉండాలో తమ దేశాలన్నిటికీ కలిపి ఒకే కొలత రాసుకుంటున్నారు. ఎల్లుండి, బుధవారం పొద్దున సంతకాలు. ఒకసారి సంతకమైతే ఐదేళ్లదాకా దాన్ని ముట్టుకోరు. ఆ కాగితంలో ఉన్న బొమ్మను మొదట చూసింది రాజమణి. జనగామలో హోల్‌సేల్ కిరాణా వాళ్ల ఆడబిడ్డ, కాలికి ఇనప పట్టీ వేసుకొని నడుస్తూ వికలాంగుల సంఘం నడిపిస్తుంది. బొమ్మలోని కుర్చీకి ముందు చక్రాలు పిడికిలంత ఉన్నాయి. కల్యాణికి వికలాంగుల క్యాంపులో ఇచ్చిన కుర్చీ కూడా సరిగ్గా అలాంటిదే. మొదటి వానకే అది చేను దారిలో ఇరుసుదాకా దిగబడితే, హరిలాల్ వెతుక్కుంటూ వచ్చేదాకా ఆమె తడుస్తూ కూర్చుంది. తర్వాత భూపాలపల్లిలో బొగ్గు బాయి దగ్గర వెల్డింగ్ పనిచేసే భిక్షపతి, ఆ బుల్లి చక్రాలు పీకేసి, పిల్లల సైకిలు చక్రమొకటి పైపుతో ముందుకు అతికించాడు. అప్పటినుంచి ఆమె మిరప చేనుకూ రేషన్ దుకాణానికీ ఒక్కతే పోతోంది.

రాజమణి ఈ సంగతంతా ఢిల్లీకి రాసింది. మాటలతో కాదు, ఆ మనిషినీ ఆ కుర్చీనీ తీసుకొచ్చి చూపించండి అన్నారు వాళ్లు. కాజీపేటలో తాను కూడా అదే రైలెక్కుతానని చెప్పి, రాజమణి పొద్దున్నే అక్కడికి చేరింది.

ట్రాక్టరు ఊరూరికీ ఆగింది. ఆగినచోటల్లా జనం ఎక్కారు, పాడారు. స్టేషన్ చేరేసరికి రెండున్నర. అయినా రైలు వెళ్లిపోలేదు. ప్లాట్‌ఫారం పక్కనే నిలబడి ఉంది. కల్యాణి గుండె ఎగిరింది. మరుక్షణమే ఇంజిను ముందు కూర్చున్న జనం కనబడ్డారు. మిగతా ఊళ్లవాళ్లు పన్నెండింటికే పట్టాలెక్కారట. రేపు సాయంత్రందాకా లేచేది లేదట.

హరిలాల్ ముఖం వాడిపోయింది. ఆ రైలును వదలమని పెద్దమనుషుల్ని అడగడానికి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు వెంట నలుగురు మనుషులున్నారు. అక్కను ముందర కూర్చోబెడితే పోలీసులు లాఠీ ఎత్తరని వాళ్లన్నారట. కల్యాణి వద్దనేలోపే కుర్చీతో సహా లేపి, ఆమె ఎక్కవలసిన రైలుకు ఎదురుగా, రెండు పట్టాల నడుమ కంకర మీద దించారు. చుట్టూ చప్పట్లు మోగాయి.

"గంటసేపే అక్కా. టీవీవోళ్లు వచ్చి పోయినంక పక్కకు తీస్త" అన్నాడు హరిలాల్, కళ్లు కలపకుండా.

ఆమెకు తెలంగాణ రావద్దని కాదు. మొన్న రోడ్డు మీద వంటావార్పు నాడు ఇదే కుర్చీలో కూర్చొని రెండొందల మందికి ఉల్లిగడ్డలు కోసింది. అందుకే ఎవరినీ తిట్టడానికి నోరు రాలేదు.

నాలుగింటికి రాజమణి ఫోన్ చేసింది. కాజీపేటలోనూ పట్టాల మీద జనమేనట. ఆ సంతకాల సభలో ఉన్న ఢిల్లీ సారును లైన్లోకి తెస్తానంది. ఆయన తెలుగాయనే, మర్యాదగా మాట్లాడాడు. మీరు రాకపోయినా ఫరవాలేదమ్మా, చక్రం ఎంత ఎత్తు, ఎంత ముందుకు ఉంది, కుర్చీ బరువెంత, ఈ మూడూ మిల్లీమీటర్లలో కిలోల్లో చెబితే రేపే అందరి ముందూ పెడతానన్నాడు.

కల్యాణి ఒక చేత్తో ఫోన్ పట్టుకొని వంగి, రెండో చేత్తో చక్రాన్ని కొలిచింది. "రెండు జానలు, ఇంకో నాలుగు వేళ్లు సార్" అంది.

"జానలంటే రాసుకోరమ్మా. అంకె కావాలి."

కొంచెం ఆగి చెబుతానని పెట్టేసి, భిక్షపతికి ఫోన్ కలిపితే స్విచాఫ్ వచ్చింది. కలిసినా లాభం లేదని ఆమెకు తెలుసు. అతను టేపు పట్టనే లేదు, ఆమెను కూర్చోబెట్టి కంటితో చూసి అతికించాడు. హరిలాల్ టేపు కోసం బజారుకు పరుగెత్తాడు. దుకాణాలన్నీ బంద్. ఎవరో స్కూలు స్కేలు తెచ్చిచ్చారు, దానిమీద అంకెలు అరిగిపోయి ఉన్నాయి. దాంతోనే తడుముకుంటూ కొలిచి, రాజమణి మళ్లీ సారును కలిపితే ఒక లెక్క చెప్పింది. బరువు చెప్పలేకపోయింది. నినాదాల్లో ఆయనకు సగమే వినబడింది.

"ఇతర సూచనలు అని వెనక ఒక పేజీ ఉంటుంది. అందులో రాయిస్తాను" అన్నాడు.

"ఆ పేజీ సదువుతరా సార్?"

"ప్రయత్నిస్తానమ్మా" అని పెట్టేశాడు.

టీవీవాళ్లు వచ్చారు. మైకు ముఖం ముందు పెట్టి తెలంగాణ వస్తే మీకేం కావాలని అడిగారు. ఆమె కుర్చీ సంగతి మొదలుపెట్టింది. హరిలాల్ ఉత్సాహంగా వంగి, కాళ్లు లేకున్నా మా అక్క కొట్లాటకు వచ్చింది సార్, అన్నాడు. కెమెరా అతని వైపు తిరిగింది.

వాళ్లు పోయాక తనను అక్కడినుంచి తీయమని హరిలాల్‌ను అడిగింది. ఒక్కడి వల్ల కాదు, కంకరలో కుర్చీ కదలడం లేదు. ఆ నలుగురినీ వెతుక్కొస్తానని పోయాడు. చీకటి పడుతున్నా రాలేదు.

పక్కన కూర్చున్న ముసలామె కొమురవ్వ తన సీసా అందించింది. "తాగు బిడ్డా, పొద్దుగాల్నుంచి గుక్కెడు ముట్టలేదు నువ్వు."

కల్యాణికి నాలుక పిడచగట్టుకు పోయింది. సీసా అందుకొని పెదవులు మాత్రం తడుపుకొని తిరిగి ఇచ్చేసింది. తాగితే ఒంటికి వస్తుంది, ఎవరైనా ఎత్తి పక్కకు తీసుకుపోవాలి. తీసుకుపోయే చేతులు ఎప్పుడొస్తాయో ఆమెకు తెలియదు.