ఫల్లా పెట్టిన కల్లు

ఓయాదావ్ గుట్టల మీద ఎవరింట్లో బియ్యపు కల్లుజాడీ మూత తీసినా మొదటి గుక్క నాదే. పదిహేనేళ్లుగా నాకంటే ముందు కల్లు పీల్చే గొట్టం నోట పెట్టిన మనిషి ఈ ఎర్రమట్టి మీద లేడు.

మా తమ్ముడు సారిన్ ఎత్తు గుంజల మీద కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం చేసిన రోజు, అతని భార్య ఫల్లా తెల్లవారకముందే నిచ్చెన దిగి ఇంటి కింద పొయ్యి దగ్గర చేపల పొలుసు తీస్తూ కూర్చుంది. నలభై మందికి వంట. పైనుంచి సారిన్ గొంతు వినిపిస్తోంది. ఇల్లు తనే కట్టాడట, తోట తనే నాటాడట, కల్లు కూడా తనే పెట్టాడట. ఫల్లాకు కోపం రాలేదు. రోజూ వినే మాటకు కోపం కూడా బద్ధకిస్తుంది. జీడితోటలో గుంతలు తవ్వినదెవరో ఆమె నడుముకు తెలుసు. ఎవరైనా అడిగితే సారిన్ చెప్పేది ఒక్కటే, "మా ఆవిడా? ఏం చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది." కింద మైదానాల్లోని తాకేవ్ నుంచి మేమంతా ఈ కొండలకు వలస వచ్చిన కొత్తలో అత్తగారు, అందరూ తిన్నాక మిగిలింది తింటేనే ఇంటికి సిరి అనేది. పదహారేళ్లుగా ఫల్లా ఆ సిరినే తింటోంది. ఆమెకున్న కోరిక చిన్నదే, చాలాకాలం తర్వాత నాతో చెప్పింది: ఈ ఇల్లు తనది కూడా అని నలుగురిలో ఒక్కసారి ఎవరైనా అనాలి.

కల్లు పెట్టడం నేర్పింది పక్కతోటలో ఉండే, ఈ కొండల జరాయి తెగ అవ్వ రొమామ్ హ్యాల్. కల్లు పులియబెట్టే కొండవాళ్ల వేరుమందు ముట్టుకుంటే మతి పోతుందని అత్తగారు భయపెట్టినా ఫల్లా వెళ్లి నేర్చుకుంది. ఊక కలిపి వండిన అన్నం ఆరబెట్టి, మందుపొడి చల్లి, జాడీకెత్తి, అరిటాకు బిగించి నెల్లాళ్లు కాపు కాసింది.

మధ్యాహ్నం జాడీ తెరిచారు. అంచుదాకా నీళ్లు పోసి గొట్టం దించారు. నేను చెయ్యి చాచాను. అక్కడున్న అందరిలోకీ పెద్దది హ్యాల్ అవ్వ. నా చెయ్యి పక్కకు తోసింది.

"ఇది పెట్టిన పిల్ల ఏది?"

"వంటలో ఉందవ్వా. నువ్వు కానియ్," అన్నాడు సారిన్.

"మా ఇళ్లల్లో ఇంటావిడ ముందు తాగుద్ది. ఆవిడ తాగని కల్లు నేను ముట్టను. విషం కలిపారేమో, నాకేం తెలుసు?"

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. పెద్దామె ముట్టనన్న కల్లు మిగతావాళ్లం ఎలా తాగుతాం? విందుకొచ్చిన ఊరిపెద్ద తలెత్తి కప్పుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇందాక నేను కొట్టిన గొప్ప అక్కడితో సరి, నాలుక పిడచగట్టుకుపోయింది. చివరికి సారిన్ నిచ్చెన దగ్గరికి వెళ్లి పెళ్లాన్ని పిలవక తప్పలేదు.

ఫల్లా పొలుసు చేతులతోనే పైకొచ్చింది. అవ్వ తన పక్కన చాప మీద తట్టింది.

"కూర్చో. ఈ ఇంటి మనిషివి నువ్వే కదా."

ఫల్లా గొట్టం అందుకుంది. ముందు తీపి, ఆపైన పులుపు, చివర్న కాస్త చేదు. తను చేసినదాన్ని అందరికంటే ముందు తను రుచి చూడటం ఇదే మొదలు. కళ్లు నిండాయి. అవ్వ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. ఆ ముడతల చేతిని చూస్తూ ఫల్లా, కన్నతల్లి కూడా తనకు ఇంత పెట్టలేదనుకుంది.

గుక్క అయ్యింది. ఇక లేస్తుందని అందరం చూశాం. ఆమె కాళ్లు కూడా అలవాటుగా కదిలాయి. ఆపుకుంది.

"చేపలు సగమే అయ్యాయి," అంది సారిన్‌తో, నెమ్మదిగా. "మిగతావి మీరు చూడండి. నేను కూర్చుంటాను. బావగారూ, మీరూ వెళ్లండి, పొయ్యి ఊదాలి."

అన్నదమ్ములిద్దరం దిగాం. నా కళ్లలో పొగ, వాడి చేతుల్లో పొలుసు. పైన ఆడవాళ్ల నవ్వులు. చేపలు బ్రహ్మాండంగా కుదిరాయి, ఊరిపెద్ద వేళ్లు నాక్కున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఆ చివరి మాట ఒక్కటే. చేపలు ఒకవైపు మాడాయి, ఒకవైపు పచ్చి. ఊరిపెద్ద ముట్టలేదు. ఫల్లా మాత్రం అడిగి మరీ రెండోసారి పెట్టించుకుంది.