లెక్కపెట్టని ఓటు

వీరలక్ష్మి ముప్పై ఒక్క ఏళ్లు కాకినాడ చుట్టుపక్కల మండల ఆఫీసుల్లో పనిచేసింది. అన్నేళ్లలో వచ్చిన ప్రతి ఎన్నికకూ ఆమెకు పోలింగ్ డ్యూటీ పడింది. ఎన్ని వేల వేళ్లకు సిరా పూసిందో ఆమెకే గుర్తులేదు. తన ఓటు మాత్రం ఎప్పుడూ కవరులో పెట్టి పోస్టల్ బ్యాలెట్‌గా పంపడమే. రిటైరయ్యాక హఫీజ్‌పేట్‌లో కూతురు కిరణ్మయి దగ్గరికి వచ్చేసి, ఓటు కూడా ఇక్కడికే మార్పించుకుంది.

ఎమ్మెల్యే గుండెపోటుతో పోవడంతో ఉప ఎన్నిక వచ్చింది. మిగిలింది ఏడాదిన్నరేగా, ఎవరు గెలిస్తే ఏముందని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అందరూ పెదవి విరిచారు. పోలింగ్ రోజు ఆఫీసుకు సెలవే అయినా కిరణ్మయికి క్లయింటు కాల్స్ తప్పలేదు. మధ్యాహ్నం వస్తానంది. వీరలక్ష్మి ఆగలేదు. జరీ అంచు నేత చీర కట్టుకుని పది గంటలకే బయలుదేరింది. అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి బూత్‌లో నిలబడి ఓటు వేయబోతున్నందుకు ఆమెకు చిన్నపిల్లలా సంబరంగా ఉంది.

ముప్పావు గంట క్యూలో నిలబడ్డాక లోపలికి వెళ్లింది. జాబితా ముందు కూర్చున్న టీచరు శ్రీలత ఆమె కార్డు చూసి, పేరు మీద వేలు పెట్టి, తలెత్తింది.

"మీ ఓటు అయిపోయింది కదమ్మా."

వీరలక్ష్మి ఎడమ చెయ్యి చాపి చూపించింది. వేలి మీద చుక్క లేదు. పక్క బెంచీ మీద పార్టీ ఏజెంట్ మహేశ్ ఫోన్లోంచి తలెత్తలేదు.

ప్రిసైడింగ్ ఆఫీసరు చెన్నకేశవులు కాలేజీ లెక్చరరు. ముప్పై అయిదేళ్లుంటాయి. పొరపాటేమోనని అన్నీ సరిచూశాడు. వరుస నంబరు, ఇంటి నంబరు, ఫొటో, అన్నీ ఆమెవే. రిజిస్టరు తెరిస్తే సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర ఉంది. అది చూసేసరికి వీరలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. ఓటు పోయినదానికన్నా ఆ వేలిముద్ర ఆమెను ఎక్కువ అవమానించింది.

తనూ ఏళ్ల తరబడి పోలింగ్ డ్యూటీ చేసినదాన్నేనని చెప్పి, టెండర్ బ్యాలెట్ ఇవ్వమని అడిగింది. ఒకరి ఓటు ఇంకొకరు వేసేస్తే, అసలు ఓటరుకు మెషీన్ బదులు విడిగా కాగితం ఇవ్వాలి. ఆ నిబంధన ఆమెకు కంఠతా వచ్చు. చెన్నకేశవులు ఇబ్బందిగా కదిలాడు. ఒక్క టెండర్ ఓటు ఇచ్చినా డైరీలో రాయాలి, పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి.

"ఆ కాగితం మామూలుగా లెక్కపెట్టరమ్మా. మీకు తెలుసు కదా" అన్నాడు నెమ్మదిగా.

"తెలుసండి. లెక్కపెట్టకపోయినా ఫరవాలేదు. నా ఓటు ఎవరో వేసేశారని ఈ బూత్ రికార్డులో ఉండాలి."

అప్పుడు మహేశ్ లేచి వచ్చాడు. "ఆంటీ, ఒక్క ఓటు కోసం ఇంత పరేషాన్ ఎందుకు? మీరు ఇక్కడోళ్లు గూడ కాదు. జర ఇంటికి పోయి రెస్ట్ తీసుకోన్రి."

"నా పేరు మీద వేలిముద్ర వేయించినప్పుడు నేను ఎక్కడిదాన్నో అడగలేదు కదా బాబూ" అంది వీరలక్ష్మి.

క్యూలో విసుగు మొదలైంది. పక్కకు జరగమన్నారు. గోడవారగా జరిగింది కానీ గది దాటలేదు. చెన్నకేశవులు పై అధికారికి ఫోన్ చేశాడు. అటు ఎవరూ ఎత్తలేదు. అరగంట గడిచింది. మోకాళ్లు లాగుతున్నా ఆమె కూర్చోలేదు. కూర్చుంటే అలిసిపోయిందనుకుంటారని ఆమె పంతం.

ఈలోపు ఓదెలు అనే అతను లోపలికి వచ్చాడు. మాదాపూర్‌లో ఒక ఆఫీసు టవరు దగ్గర సెక్యూరిటీ గార్డు. డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చాడు. శ్రీలత అతనికీ అదే మాట చెప్పింది. అతను వెనక్కి తిరిగాడు. వీరలక్ష్మి ఆపి, వెళ్లిపోవద్దని, అడిగితే కాగితం ఇచ్చి తీరాలని చెప్పింది. ఓదెలు ఆమెనూ మహేశ్‌నూ మార్చి మార్చి చూసి, బల్ల దగ్గరికి నడిచాడు.

"ఈ అమ్మకు ఏది ఇస్తరో నాకూ గదే ఇయ్యిన్రి సార్."

చెన్నకేశవులు సంచిలోంచి టెండర్ బ్యాలెట్ల కట్ట తీశాడు. ఆమెను అడగాల్సిన ప్రశ్నలు అడిగి, పేరు రాసి, కాగితమిచ్చాడు. వీరలక్ష్మి అట్టచాటున ముద్ర వేసింది. మడిచి తెచ్చిన కాగితాన్ని అతను కవరులో పెట్టాడు. "ఇది నేను ముందే ఇవ్వాల్సిందమ్మా" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా.

బయటికి వచ్చి ఆమె ఇంటికి పోలేదు. బూత్‌కు వంద మీటర్ల దూరంలో గీసిన గీత అవతల ఒక టీ కొట్టు ఉంది. అక్కడ బల్ల మీద కూర్చుని, ఓటు పడిపోయిందని ముఖం వేలాడేసుకుని వస్తున్న ప్రతివారినీ మళ్లీ లోపలికి పంపింది. మహేశ్ మనుషులు ఇద్దరు వచ్చి ఇల్లెక్కడని అడిగారు. ఫ్లాటు నంబరుతో సహా చెప్పింది. మూడు గంటలకు కిరణ్మయి వచ్చి, విషయం విని హడలిపోయింది.

"అమ్మా, రేపటి నుంచి ఈ కాలనీలోనే ఉండాలి మనం."

"ఉండాలనే కదే ఇదంతా."

కిరణ్మయి వెళ్లి తన ఓటు వేసి వచ్చి, తల్లి పక్కనే కూర్చుంది. పోలింగ్ ముగిసేసరికి ఆ ఒక్క బూత్‌లో తొమ్మిది టెండర్ ఓట్లు పడ్డాయి.

ఫలితం వేల మెజారిటీతో తేలింది. మహేశ్ పార్టీయే గెలిచింది. ఆ కవరు ఎవరూ విప్పలేదు. కానీ ఒకే బూత్‌లో తొమ్మిది ఎందుకు వచ్చాయని విచారణ వేశారు. వాంగ్మూలం ఇవ్వమని వీరలక్ష్మికి నోటీసు వచ్చింది. వాంగ్మూలానికి ముందు రోజు పొద్దున మహేశ్ ఫ్లాటుకు వచ్చాడు. గెలుపు ఓటములు అయిపోయాయని, పెద్దావిడను ఆఫీసుల చుట్టూ తిప్పడం తనకూ ఇష్టం లేదని మర్యాదగానే చెప్పాడు. వీరలక్ష్మి లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"కాఫీ తాగి వెళ్లండి బాబూ. వాంగ్మూలం మాత్రం ఇస్తాను."

మర్నాడు కిరణ్మయి సెలవు పెట్టి కారు తీసింది. ఓదెలు అప్పటికే మిగిలిన ఏడుగురితో విచారణ ఆఫీసు దగ్గర ఉన్నాడు. గుమాస్తా 'గుర్తు తెలియని వ్యక్తి ఓటు వేశారు' అని రాసుకుని ముగించబోతే వీరలక్ష్మి ఆపింది. దొంగ ఓటరు మీద అభ్యంతరం చెప్పాల్సిన ఏజెంట్ అక్కడే కూర్చుని కూడా ఊరుకున్నాడనీ, అతని పేరు మహేశ్ అనీ రాయించింది. తర్వాతివాళ్లూ అదే మాట చెప్పారు.

కేసు నమోదైంది. ఇంకా తేలలేదు. పిలుపు వచ్చినప్పుడల్లా తొమ్మిది మందీ వెళ్తూనే ఉన్నారు.