గొట్టం ఉన్నదా, లేనిదా

రెండువేల సంవత్సరం వచ్చినా కంప్యూటర్లు కుప్పకూలలేదు. కూలకుండా కాపలా కాసినందుకు సైన్స్ పార్క్‌లోని కంపెనీ మధుసూదనరావుకు జూలైలో సెలవిచ్చింది. ఆయన వెంటనే న్యూజీలాండ్‌లో ఒక మోటార్ హోమ్ అద్దెకు మాట్లాడేశాడు. అంటే చక్రాల మీద ఇల్లు. పొయ్యీ, పడకలూ, స్నానాల గదీ అన్నీ అందులోనే. అక్కడ జూలై అంటే నీళ్లు గడ్డకట్టే చలి. ఏడాదంతా ఉక్కపోసే బిషాన్‌లో, తమ ఫ్లాట్‌లో ఏసీ కాస్త పెంచితేనే దుప్పటి వెతుక్కునే మనిషికి ఈ సరదా ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో ఆయన భార్య లీలావతికి అంతుపట్టలేదు.

బండివాళ్లు ఈమెయిల్లో ఒకే మాట అడిగారు: హీటరు ఏది కావాలి? ఒకటి గ్యాసుది. మంట బండి లోపలే వెలుగుతుంది, చప్పుడుండదు. రెండోది డీజిలుది. బయటి గాలితో మండి, పొగను గొట్టంలోంచి బయటికే వదులుతుంది, కానీ రాత్రంతా రొద. మధుసూదనరావు "ఎన్ని టన్నులు?" అని రాసి పంపాడు. పాపం, ఏసీలు కొన్న అనుభవం మరి! దానికి జవాబు రాలేదు. ఇక తనే గ్యాసుదని తేల్చేశాడు.

"గొట్టం ఉన్నదే తీసుకోండి," అంది లీలావతి.

"ఆ రొదకి నిద్రెక్కడ పడుతుంది లీలా? గ్యాస్‌ది నీలం మంట, పొగే రాదు. పైన గాలి పోయే వెంట్ కూడా ఉంటుందంట."

"చలేస్తే ఆ వెంట్‌లో గుడ్డలు కుక్కేది మీరేగా! పొగరాని నిప్పేనండీ మా పిన్నిని తీసుకుపోయింది."

ఆ సంగతి ఆయనకు మొదటిసారి చెప్పింది. లీలావతి చిన్నప్పుడు, తుపాను రోజుల్లో, పిన్ని పురిటి గదిలో మంచం కింద కుంపటి పెట్టారు. బాలింతకు గాలి తగలకూడదని కిటికీలన్నీ బిగించారు. బొగ్గులు ఎర్రగా కణకణలాడాయి, పొగ ఊసే లేదు. తెల్లారి పిన్నీ లేవలేదు, ఇంకా పేరైనా పెట్టని బిడ్డా లేవలేదు. ఎవరి దిష్టో తగిలిందన్నారు పెద్దలు.

మధుసూదనరావు మెల్లగా, "అది బొగ్గుల కుంపటి లీలా. ఇది టెక్నాలజీ," అన్నాడు.

కంటికి కనిపించని దాన్ని ఆమె ఎలా చూపిస్తుంది? ఆ బండిలో ఆరేళ్ల కూతురు తన్మయిని మాత్రం పడుకోబెట్టనని మనసులో గట్టిగా అనుకుంది. తన్మయేమో మంచు చూడబోతున్నానని అప్పటికే బడంతా టముకు వేసేసింది.

శనివారం ఆయన ఇంకో ముచ్చట తెచ్చాడు. ఇరుగుపొరుగుల దగ్గర అరువు తెచ్చిన ఉన్నికోట్లు చలికి ఆగుతాయో లేదో చూడాలట. ఆయన ఊరివాడే కృష్ణమూర్తి, జురాంగ్‌లో చేపల కోల్డ్ స్టోరేజ్‌కి సూపర్‌వైజర్. ముగ్గురూ అక్కడికి వెళ్లారు. కోటులో తన్మయి పరుపుచుట్టలా ఉంది.

"అయిదు నిమిషాలే చెల్లెమ్మా," అంటూ కృష్ణమూర్తి ఒక చిన్న గదిలో చల్లగాలి ఫ్యాన్లు ఆపి, వాళ్లతోపాటు లోపలికొచ్చి తలుపు మూశాడు.

"అమ్మా, లుక్! నా నోట్లోంచి స్మోక్!" అని అరిచింది తన్మయి.

లీలావతి నోరు తెరిచింది. తెల్లటి మబ్బొకటి తన లోపలినుంచి బయటికొచ్చి ముఖం ముందు నిలబడింది. పుట్టినప్పటినుంచి పీలుస్తూ, వదులుతూనే ఉంది. కళ్లతో చూడటం ఇదే మొదలు. తన ప్రాణమే ఎదురుగా నిలబడినట్టు ఒళ్లంతా గగుర్పొడిచింది. ఇంత వేడి తనలో ఎక్కడ దాగుందో! పక్కనే కూతురి చిన్న మబ్బు, భర్తది పెద్దది, కృష్ణమూర్తిది ఇంకొకటి. నాలుగూ ట్యూబ్‌లైటు కింద ఒకదాన్నొకటి తాకి, కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా పోయాయి. ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఆ వెంటనే పిన్ని గది గుర్తొచ్చింది.

"చూశారా అండీ," అంది భర్తతో. "మీరు వదిలింది పాప పీలుస్తోంది. ఆ గదిలో కుంపటి వదిలింది కూడా ఇలాగే నిండిపోయుంటుంది. కనపడలేదంతే."

మధుసూదనరావు నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన నోటినుంచి వెళ్లిన మబ్బు నెమ్మదిగా కిందికి దిగి తన్మయి ముఖాన్ని కప్పేసింది. పిల్ల నోరంతా తెరిచి దాన్ని గుటుక్కున మింగేసింది.

"నాన్నా, ఇంకోటి వదులు!"

ఆయన నోరు మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టి కూతుర్నే చూస్తూ నిలబడ్డాడు. ఇక ఆగలేక గబుక్కున చేపల పెట్టెలవైపు తిరిగి వదిలాడు.

"గొట్టం ఉన్నదే రాస్తాను లీలా," అన్నాడు, అటు తిరిగే.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన మీద అంత ప్రేమ లీలావతికి ఎప్పుడూ పుట్టలేదు. తన్మయి కోటు పట్టుకుని ఎంత లాగినా, కృష్ణమూర్తి తలుపు తెరిచేదాకా ఆయన ఇటు తిరగలేదు.