శాలువా కింద మైకు

పెళ్లి వీడియోలు తీసేదానికి రైతు సదస్సును లైవ్ పెట్టడం ఒక లెక్కా అనుకుని పామిడికి వచ్చాను. పెళ్లిలో మాటలు సరిగ్గా రాకపోతే పైన సన్నాయి వేసేస్తాం, అడిగే నాథుడు ఉండడు. ఇక్కడ అలా కుదరదు. ఫోన్లలో చూసేవాళ్లకు మాటే ప్రాణం. అందుకే లైవ్ కోసమని మాట్లాడేవాళ్ల భుజానికి విడిగా ఒక చిన్న మైకు తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వెనక కూర్చున్నాను.

పెన్నలో ఇసుక తోడేయడం వల్ల తన బోరు ఎండిపోయిందని ఓబులమ్మ అనే రైతు చెప్పింది. ఆ ఇసుక ఎవరి లారీలు తోలుతున్నాయో చెప్పలేదు. ఆ లారీల యజమాని గంగాధరప్పే ముఖ్య అతిథి మరి!

మన సభల్లో ఏది తప్పినా శాలువా తప్పదు కదా. వేదిక దిగబోతున్న ఆమెను వెనక్కి పిలిచారు. మైకు తీద్దామని నేను లేచేలోపే గంగాధరప్ప శాలువా కప్పేశాడు. ఫొటోకు నవ్వుతూ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

హెడ్‌ఫోన్లలో గుడ్డ రాపిడి, దాని మధ్యలో ఆయన గొంతు.

"నీ కొడుకు వీరేషు దినామూ ఆ బ్రిడ్జి మీదనే కదా బండిలో పోయేది? మా లారీలు తిరిగే దావ అది. ఇంగోతూరి నోరు తెరిచినావంటే వాడు ఇంటికి రాడు."

హాలులో ఎవరికీ వినిపించలేదు. చప్పట్లు కొడుతున్నారు.

మా లైవ్ అర నిమిషం ఆలస్యంగా పోతుంది. ఇప్పుడే ఆపేస్తే ఆ మాట ఎవరి చెవినా పడదు. ఆపకపోతే? ప్రచారం కోసమని తెర కింద నా పేరూ ఫోన్ నంబరూ వేసుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. భయపడ్డాను, సిగ్గు లేకుండా చెబుతున్నా, చాలా భయపడ్డాను. వేలు లైవ్ ఆపే మీట మీదికి పోయింది.

గంగాధరప్ప తన కుర్చీలోకి వెళ్లాడు. ఓబులమ్మ శాలువా సర్దుకుంటున్నట్టు భుజం మీది మైకు వైపు గడ్డం దించింది.

"పాపా, ఇన్నావు కదా? ఆపొద్దు. పదిమందికి తెలిస్తేనే నా కొడుకు బతికేది."

వేలు తీసేశాను.

చివరి వరసలో ఎవరో ఫోనులో లైవ్ చూస్తున్నారు. "...వాడు ఇంటికి రాడు" అని ముఖ్య అతిథి గొంతు అందులోంచి గట్టిగా వచ్చింది. చప్పట్లు ఆగిపోయాయి. గంగాధరప్ప లేచి హాలంతా కలియజూశాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నది నేనొక్కదాన్నే.

నవ్వు చెదరకుండా నా దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగాడు.

"ఏ ఊరు పాపా మీది?"