ఎడమకు తిరిగిన మెలి

హిందీ మాట్లాడే ఊళ్లో, శంకర్ నగర్‌లో ఒక ప్రైవేటు స్కూలు. బయాలజీకి పర్మనెంటు పోస్టు ఒక్కటే ఉంది. దానికి రజని, మోహనకృష్ణ పోటీ పడ్డారు. ఇద్దరివీ శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలు, ఒకటే కాలనీ. ఆమె అతన్ని అన్నయ్య అంటుంది, రాఖీ కడుతుంది.

కమిటీ ముందు నమూనా పెట్టి పాఠం చెప్పాలి. రజని డీఎన్‌ఏ నమూనా చేసింది. రెండు కరెంటు తీగలు, మధ్యలో నిచ్చెనకున్నట్టు మెట్లు. ప్రతి మెట్టూ రెండు ముక్కలు, టిచ్ బటన్‌తో అతుకుతాయి. ముక్కల మీద అక్షరాలు, ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి. బటన్లు విప్పితే తీగలు విడిపోతాయి. ఒక్కో పాత తీగ ఎదుట సరిపోయే ముక్కలు చేర్చుకుంటూ పోతే కొత్త తీగ తయారవుతుంది. ఒక నిచ్చెన రెండవుతుంది. రెండింటిలోనూ ఒక తీగ పాతది, ఒకటి కొత్తది.

తీగలకు మెలి పెట్టింది రజని వాళ్లమ్మ పార్వతమ్మ. ముందురోజు మోహనకృష్ణ చూసి ఇస్తానని పట్టుకెళ్లాడు, పొద్దున తెచ్చి ఇచ్చాడు.

కమిటీ అతన్ని ముందు పిలిచింది. అతని బల్ల మీద అలాంటి నిచ్చెనే ఉంది. తీగలు, బటన్లు కొత్తవి. పాఠం కూడా రజనిదే.

తన వంతు రాగానే రజని, అతను తనది చూసి చేశాడని హిందీలో చెప్పింది. డీఎన్‌ఏ ఎవరు చేసినా ఒకేలా ఉంటుంది కదా అంది ప్రిన్సిపల్. రజని రెండు నిచ్చెనలనూ పక్కపక్కన నిలబెట్టింది. అప్పుడు చూసింది. పుస్తకంలో ముందువైపు తీగ కుడికి ఎక్కుతుంది. ఇవి రెండూ ఎడమకు ఎక్కుతున్నాయి.

తన నిచ్చెన తప్పని ఆమే చెప్పింది. అమ్మది ఎడమచెయ్యి వాటం, మెలి అటు తిరిగింది, నేను గమనించలేదు అంది. కణంలో ఒక అక్షరం తప్పు పడితే నకలులోకీ అదే దిగుతుంది, ఈయన నిచ్చెనలోకి మా అమ్మ మెలి అలాగే దిగింది అని చూపించింది.

ప్రిన్సిపల్ మోహనకృష్ణ వైపు చూసింది. అతను తన నిచ్చెనను తలకిందులు చేశాడు. అలా పెట్టినా ఎడమకే ఎక్కింది. కమిటీలో ఎవరికీ తెలుగు రాదు. అతను గొంతు తగ్గించి రజనితో తెలుగులో అన్నాడు.

"గల్తీ ఉందని ఇచ్చినప్పుడే చెప్పొచ్చు కదే. నా పరువు తియ్యడానికి ఇచ్చావేటి?"

"ఈ మాట హిందీలో చెప్పు అన్నయ్యా."

అతను ప్రిన్సిపల్ వైపు తిరిగి హిందీలోనే చెప్పాడు. "తప్పు నాదే మేడం. దీనికి ఈ పాఠం నేర్పింది నేను. నాది చూసి చేసింది, నా తప్పు కూడా దించేసింది. చిన్నపిల్ల, వదిలెయ్యండి."

రజని అతను తెలుగులో ఏమన్నాడో చెప్పింది. పోటీలో ఉన్న మనిషి చెప్పే అనువాదం ఎలా తీసుకుంటామని కమిటీలో ఒకాయన అడిగాడు. తప్పు ఒప్పుకునే గుణం టీచరుకు ఉండాలని ప్రిన్సిపల్ అంది. పోస్టు మోహనకృష్ణకు ఇస్తున్నట్టు చెప్పి, అన్నయ్యకు థాంక్స్ చెప్పమని రజనితో అంది.

రజని తన నిచ్చెన తీసుకుని బయటికి నడిచింది.